దేవుడి గొంతుతో మందు మాట చెప్పకండి: భక్తి ఛానెళ్లకు ఒక బహిరంగ లేఖ

తెలుగు భక్తి ఛానెళ్ల యాజమాన్యాలకు, కార్యక్రమాలు రూపొందించేవారికి, ఆ వేదికల మీద కూర్చునే ప్రవచనకర్తలకు, దైవసేవకులకు, ఇస్లాం పండితులైన ఆలిములకు నమస్కారం.

నేను కృష్ణా డెల్టాలోని ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో ఇరవై తొమ్మిదేళ్లు ఏఎన్‌ఎంగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నా చేతి సూదికి ఏడ్చిన పసిపిల్లలు ఇప్పుడు తమ పిల్లలను చంకనెత్తుకొని దారిలో ఎదురై నవ్వుతుంటారు. పొద్దున్నే సుప్రభాతం వినకుండా ఇంటి గడప దాటిన రోజు కూడా నాకు గుర్తులేదు. ఈ రెండూ ముందే చెప్పుకోవడానికి కారణం ఉంది. ఈవిడకు భక్తి లేదనో, వైద్యం తెలియదనో మీరు ఈ ఉత్తరాన్ని సగంలో పక్కన పెట్టకూడదు.

2020 ఏప్రిల్ 2న శ్రీరామనవమి వచ్చింది. లాక్‌డౌన్ మొదలై అప్పటికి తొమ్మిది రోజులు. ఏటా మిథిలా స్టేడియంలో వేల జనం మధ్య జరిగే భద్రాద్రి రాముడి కల్యాణం ఆ ఏడు భక్తులు లేకుండా గుడి ఆవరణలోనే జరిగింది. మా మేనత్త ఆ రోజు తలంటుకొని, పట్టుచీర కట్టుకొని, టీవీ ముందు పీట వేసి దీపం పెట్టింది. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు లేచి నిలబడి టీవీ మీద అక్షింతలు చల్లింది. "ఇన్నేళ్లూ మనమే భద్రాచలం వెళ్లలేకపోయాం, ఈసారి ఆయనే మనింటికి వచ్చి పెళ్లి చేసుకున్నాడే" అని నాతో అంది. అప్పుడామె కళ్లు చూసినవాళ్లెవరూ భక్తి ఛానెళ్ల వల్ల ఉపయోగమేమిటని అడగరు.

ఆ నెలల్లో మీరు చేసిన మేలు నేను మరచిపోలేదు. మార్చి మూడో వారంలో తిరుమలలో దర్శనాలు ఆపేశారు. జూన్ 8 దాకా, అంటే దాదాపు ఎనభై రోజులు, కొండ మీద భక్తులు లేరు. కానీ స్వామి సేవలు ఎస్వీబీసీలో ఇళ్లకు చేరుతూనే ఉన్నాయి. ఏప్రిల్‌లో నాదనీరాజనం మండపం నుంచి ధన్వంతరి మహామంత్ర పారాయణం, జూన్‌లో సుందరకాండ పారాయణం మొదలయ్యాయి. మా వీధిలో పది ఇళ్లలో ఒకే శ్లోకం ఒకేసారి వినిపించేది. రంజాన్ నెలలో తరావీహ్ నమాజులు ఇళ్లలోనే చదువుకోమని మతపెద్దలు చెప్పారు. ఈస్టర్ ఆరాధన ఫోన్ల లోపలికి వచ్చింది. ఖాళీగా ఉన్న సెయింట్ పీటర్స్ చౌక్‌లో, వానలో, పోప్ ఫ్రాన్సిస్ ఒంటరిగా నిలబడి ప్రార్థించిన దృశ్యం మా ఊరి క్రైస్తవ కుటుంబాలు కూడా చూశాయి.

నా ఉద్యోగం వైపు నుంచి ఒక మాట చెప్పాలి. వారం రోజులు మైకు పట్టుకొని వీధివీధీ తిరిగి మాస్కు పెట్టుకోండి, దూరంగా ఉండండి అని అరిచాను. ముసలివాళ్లు నవ్వి ఊరుకున్నారు. తిరుమలలో దర్శనాలు ఆపారని టీవీలో చూసిన మర్నాడు అదే ముసలివాళ్లు అరుగుల మీది నుంచి లేచి లోపలికి వెళ్లారు. "కొండే మూశారంటే జబ్బు నిజమేనమ్మా" అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. ప్రభుత్వం మాట చేరని చోటికి మీ మాట చేరింది. మీకింత బలముందని మీకు తెలుసో లేదో గానీ, ఆ రోజు నాకు తెలిసింది. ఈ ఉత్తరమంతా ఆ బలం గురించే.

తరువాతి ఏడాది అదే బలం మా అత్తయ్య మీద ఎలా పనిచేసిందో చెబుతాను.

2021 ఏప్రిల్ 13 ఉగాది. ఒక భక్తి ఛానెల్లో ఒక స్వామివారు నలభై ఒక్క రోజుల దీక్ష చెప్పారు. ఏ ఛానెలో, ఎవరో ఇక్కడ రాయను. ఒక్కరిని వేలెత్తి చూపితే మిగతావాళ్లంతా తమ సంగతి కాదనుకుంటారు. అత్తయ్య ఉగాది నాడే దీక్ష పట్టింది. ఒంటిపూట భోజనం, నేల మీద పడక, రోజుకు మూడుసార్లు స్తోత్రం. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు, పదేళ్లుగా చక్కెర వ్యాధి. ఆ మరుసటి వారం మా ఉపకేంద్రానికి టీకాలు వచ్చాయి. నలభై ఐదేళ్లు దాటినవారందరికీ వేస్తున్న రోజులవి. మొదటి పేరు అత్తయ్యదే రాసుకున్నాను. ఆమె రాలేదు.

ఇంటికి వెళ్లి అడిగితే తేలింది. ముందురోజు ప్రత్యక్ష ప్రసారంలో ఒకావిడ ఫోను చేసి, దీక్షలో ఉండగా టీకా వేయించుకోవచ్చా అని అడిగిందట. దీక్షే ఒక కవచమని, అది ముగిసేదాకా శరీరంలోకి పరాయి పదార్థం ఎక్కించుకోకపోతే మంచిదని వేదిక మీది నుంచి జవాబు వచ్చిందట. ఆ జవాబుకు ఒక్క నిమిషం పట్టి ఉంటుంది. నేను అత్తయ్య పక్కన గంటన్నర కూర్చున్నాను. "నువ్వు నా మేనకోడలివి, నీ మాట కాదంటానా? కానీ ఆయన మాట కూడా వినాలి కదే. నలభై ఒక్క రోజులే కదా" అంది. అప్పటికి ముప్ఫై రోజులకు పైగా మిగిలి ఉన్నాయి.

మే రెండో వారంలో జ్వరం వచ్చింది. దీక్ష భంగమవుతుందని మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆవిరి పట్టింది, కషాయం తాగింది. నేను వెళ్లి వేలికి ఆక్సీమీటర్ పెడితే ఆక్సిజన్ 86 చూపించింది. 94 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలని అంతకుముందు నెలంతా ఇంటింటికీ చెప్పిన మనిషిని నేను. మా ఇంట్లోనే ఆ మాట చేరలేదు. ఆసుపత్రిలో మంచం దొరకడానికి ఒక పగలు, ఒక రాత్రి పట్టింది. దీక్ష ముగియడానికి నాలుగు రోజులుండగా అత్తయ్య పోయింది.

టీకా వేయించుకొని ఉంటే తప్పకుండా బతికేదని నేను అనను. మొదటి మోతాదు పూర్తి రక్షణ ఇవ్వదని నాకు తెలుసు. ఆసుపత్రిలో ఆఖరి రెండు రోజులూ ఆమె చెవి పక్కన ఫోనులో విష్ణుసహస్రనామం పెట్టించాను. అది మీ ఛానెళ్లలో ఒకదాని రికార్డింగే. మాస్కు లోపల పెదవులు కదిలాయని నర్సమ్మ చెప్పింది. ఆమెకు ధైర్యమిచ్చిందీ మీరే. ఆమె టీకాను నెల రోజులు వెనక్కి నెట్టిందీ, జ్వరాన్ని దాచేలా చేసిందీ మీ వేదికే. ఈ రెండూ ఒకే తెర మీది నుంచి వచ్చాయి కాబట్టే ఇన్నేళ్లయినా నాకు నిద్ర పట్టని రాత్రులున్నాయి.

ఆ స్వామివారి మీద నాకు కోపం ఉండేది, ఇప్పుడు లేదు. ఆయనకు శాస్త్రం తెలుసు, స్తోత్రం తెలుసు. టీకా గురించి అడిగితే తెలియదనే అవకాశం మీరు ఆయనకివ్వలేదు. ప్రత్యక్ష ప్రసారంలో ఫోను మోగగానే ఏదో ఒక జవాబు చెప్పక తప్పని కుర్చీలో కూర్చోబెట్టారు. "ఇది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న తల్లీ, నేను చెప్పకూడదు" అనే వాక్యం ఆ కుర్చీలోంచి వచ్చి ఉంటే ఆయన గౌరవం ఒక్క పిసరు కూడా తగ్గేది కాదు.

క్రైస్తవ ఛానెళ్ల సోదరులకు ప్రత్యేకంగా ఒక విషయం చెప్పాలి. సాక్ష్యాల గురించి. హిందూ ఛానెళ్లలో ఇదే ముడుపుల మహిమగా, రక్షల మహిమగా కనిపిస్తుంది కాబట్టి అందరూ వినండి. ఒకాయన వేదిక మీదికి వచ్చి, నాకు కరోనా వచ్చింది, ప్రార్థన చేయించుకొని నూనె రాసుకున్నాను, నయమైంది అని కన్నీళ్లతో చెబుతాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కానీ మన దేశంలో నమోదైన కరోనా రోగుల్లో నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా బతికారు. వందమంది నూనె రాసుకుంటే అందులో తొంభై ఎనిమిది మంది రాసుకోకపోయినా బతికేవారే. వాళ్లలో పదిమంది మీ వేదిక మీదికి వస్తారు. మిగిలిన ఇద్దరూ రాలేరు. వాళ్ల ఇంటివాళ్లు వచ్చి, మేమూ నూనె రాశాం, మా నాన్న బతకలేదు అని చెబుతామంటే మైకు ఎవరూ ఇవ్వరు. అందువల్ల ఇంట్లో కూర్చొని చూసేవారికి నూనె ఎప్పుడూ ఓడిపోనట్టే కనిపిస్తుంది.

మా మండలంలో ఒక ఆటో డ్రైవరు టీవీలో స్వస్థత ప్రార్థన చూసి, తెర మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ఆ రోజు నుంచి ఇన్సులిన్ మానేశాడు. మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టవుతుందని అనుకున్నాడు. ఆ మాట ప్రసారంలో ఎవరూ నోటితో అనలేదు, నేను విచారించాను. సాక్ష్యం చెప్పినవాళ్లంతా "మందులన్నీ మానేశాను" అన్నారు, నిర్వాహకులు చప్పట్లు కొట్టారు, అంతే. ఐదు నెలలకు కాలి వేళ్లు నల్లబడి వచ్చాడు. రెండు వేళ్లు తీసేశారు. ఇది కరోనా కాలం సంగతి కాదు. క్షయకు ఆరు నెలలు మందు మింగవలసిన మనిషి రెండో నెలలోనే ఆపేయడం, రక్తపోటు మాత్రలు పండుగ నుంచి మానేయడం నేను ప్రతి ఏడాదీ చూశాను. మహమ్మారి వచ్చినప్పుడే ఇది వార్త అవుతుంది, మిగతా రోజుల్లో మాకు మామూలు పని.

మీలో కొందరు ఆ రోజుల్లో ఎంతో మంచి ఉద్దేశంతో "సమతూకం" పాటించారు. పది గంటలకు ఒక డాక్టరుగారిని కూర్చోబెట్టారు. పదిన్నరకు రక్షరేకు అమ్మే మనిషిని కూర్చోబెట్టారు. ఇద్దరికీ అరగంటే, ఇద్దరికీ పూలదండే. దీన్నే విశ్వాసానికీ విజ్ఞానానికీ సమానమైన చోటివ్వడం అనుకున్నారు. చూసే మా అత్తయ్య లాంటి వారికి అందులోంచి అందింది ఒకటే: ఇద్దరూ చెప్పేది ఒకే రకం మాట, నచ్చినది తీసుకోవచ్చు. త్రాసులో పెట్టి తూచే వస్తువులు కావు ఇవి. దుఃఖంలో ఉన్న మనిషికి తోడు కావాలి, చావు భయానికి ఊరట కావాలి, పోయినవారికి కర్మకాండ కావాలి. ఇవి నా మందుల పెట్టెలో లేవు, మీ దగ్గరున్నాయి. ఆక్సిజన్ ఎంతకు తగ్గితే ప్రమాదమో, టీకా ఎవరికి ఎప్పుడు వేయాలో చెప్పే పని వైద్యుడిది. ఎవరి పని వారు చేసినంతకాలం గొడవే లేదు. మందు మాటను దేవుడి గొంతుతో చెప్పినప్పుడే గొడవ మొదలవుతుంది, ఎందుకంటే దేవుడి మాటను రెండో డాక్టరు దగ్గర సరిచూసుకోవడానికి ఎవరూ వెళ్లరు.

మీరు రోజూ చెప్పే గ్రంథాల్లోనే ఈ సంగతి ఉంది. యుద్ధకాండలో రావణుడి శక్తి తగిలి లక్ష్మణుడు పడిపోయినప్పుడు రాముడు, సాక్షాత్తూ మనం దేవుడని కొలిచే రాముడు, విలపించాడు. వానరసేనలోని వైద్యుడు సుషేణుడు దగ్గరికి వచ్చి చూశాడు. ముఖం రంగు మారలేదన్నాడు, అరచేతులు తామరరేకుల్లా ఎర్రగా ఉన్నాయన్నాడు, కళ్లు తేటగా ఉన్నాయన్నాడు, బతికే ఉన్నాడని చెప్పాడు. నేను ఏఎన్‌ఎం శిక్షణలో నేర్చుకున్న పద్ధతీ ఇదే: రంగు చూడు, చెయ్యి చూడు, కన్ను చూడు. తరువాత ఏ మూలికలు తేవాలో పేర్లతో సహా హనుమంతుడికి చెప్పాడు. హనుమంతుడు వాటిని గుర్తించలేక శిఖరాన్నే తెచ్చాడు. అందులోంచి ఏది కావాలో ఏరి, నూరి, ముక్కులో వేసింది మళ్లీ సుషేణుడే. భక్తిలో హనుమంతుణ్ణి మించినవారు లేరు. అయినా మందు ఎంచడం ఆయన తన మీద వేసుకోలేదు. ఈ ఘట్టాన్ని మీ ప్రవచనకర్తలు ఎంత గొప్పగా చెప్పగలరో నాకు తెలుసు. ఆ రోజుల్లో దీన్ని ఎవరైనా చెబుతారేమోనని ఎదురుచూశాను, నాకు వినబడలేదు.

ఆరోగ్యంగా ఉన్నవారికి కాదు, రోగులకే వైద్యుడు కావాలని యేసుప్రభువు అన్న మాట సువార్తలో ఉంది. లూకాను ప్రియమైన వైద్యుడని పౌలు రాశాడు. దేవాలయ శిఖరం మీది నుంచి దూకు, దేవదూతలు పట్టుకుంటారని సాతాను అన్నప్పుడు, దేవుణ్ణి శోధించవద్దని ప్రభువు చెప్పిన జవాబు ఒక్కటి చాలు, ఒక ఆదివారం ప్రసంగమంతా టీకా గురించి చేయడానికి. తెగులు ఉన్న ఊరికి వెళ్లవద్దు, మీరున్న ఊళ్లో తెగులు వస్తే అక్కడి నుంచి బయటికి పోవద్దు అని ముహమ్మద్ ప్రవక్త చెప్పిన హదీసు పద్నాలుగు వందల ఏళ్ల నాటిది. మా ఊరి ఇమాం గారు దాన్ని మసీదు మైకులో చదివి, మర్నాడు టీకాల శిబిరం ఉందని కూడా ప్రకటించారు. ఆ రోజు మసీదు వీధి నుంచి వచ్చినంతమంది మిగతా వీధులన్నీ కలిపినా రాలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతి కూడా కాదు. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో పోలియో చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరనే పుకారు వ్యాపించి తలుపులు మూసుకున్న రోజులున్నాయి. అక్కడ మతపెద్దలు, మదరసాలు, ముస్లిం విశ్వవిద్యాలయాల అధ్యాపకులు ముందుకు వచ్చి చెప్పాక తలుపులు తెరుచుకున్నాయి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014లో పోలియో లేని దేశమయ్యాం. చుక్కల సీసా మాదే అయినా, తలుపు తీయించింది వాళ్ల నోటి మాట.

ఇక ప్రకటనలు. ఈ భాగం రాయడానికి నాకు బాధగానే ఉంది. పైన సహస్రనామం నడుస్తుంటే కింద స్క్రోలింగ్‌లో కవచం ధర, ఫోను నంబరు వస్తుంటాయి. డబ్బు కట్టి అరగంట కొనుక్కున్నవారి కార్యక్రమానికీ మీ కార్యక్రమానికీ తేడా మా అత్తయ్యకు తెలియదు. మీ చిహ్నం తెర మూలలో ఉందంటే అది మీ మాటే అనుకుంటుంది. 1954 నాటి అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టాన్ని ఒకసారి తెప్పించుకొని చదవండి. తాయెత్తు, మంత్రం, కవచం అనే మాటలు అందులోనే ఉన్నాయి. ఆ చట్టం పేర్కొన్న జబ్బులు వాటితో నయమవుతాయని ప్రకటించడం నేరం. కేబుల్ టీవీ నిబంధనల్లో ఆరవది మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు వద్దంటుంది. ఏడవది, నిరూపించలేని అద్భుత శక్తులు అంటగట్టే ప్రకటనలు వద్దంటుంది. చట్టం అమలు కాకపోతే చాలనుకునే వ్యాపారులుంటారు, కానీ మీరు వ్యాపారానికి ముందు దేవుడి పేరు పెట్టుకున్నారు. బ్రిటన్‌లో లవ్‌వరల్డ్ అనే క్రైస్తవ ఛానెల్ కరోనా గురించి తప్పుడు మాటలు ప్రసారం చేసినందుకు అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2021లో 1,25,000 పౌండ్ల జరిమానా వేసింది. అటువంటి రోజు మీకు రావాలని నేను కోరుకోను.

ఇంకొకటి. 2020 మార్చి చివర్లో, ఢిల్లీ మర్కజ్‌లో జరిగిన తబ్లీగీ సమావేశానికి వెళ్లినవారికి కరోనా సోకిన సంగతి బయటపడ్డాక, ఒక మతానికి చెందిన ఆశా కార్యకర్తకు మా ఊళ్లో పదిహేను రోజులు మంచినీళ్లు ఇచ్చినవారు లేరు. టీవీల్లో రాత్రింబవళ్లు నడిచిన మాటల ఫలితమది. ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆ మాటలను దుష్ప్రచారమని తప్పుపట్టింది. జబ్బుకు మతం అంటగట్టవద్దని చెప్పగలిగిన శక్తి వార్తా ఛానెళ్ల కంటే మీకే ఎక్కువ. మీరు మౌనంగా ఉన్నారు. ఆ అమ్మాయి ఆ ఎండల్లోనే ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకుంది.

నేను అడిగేవి పెద్దవి కావు. ప్రత్యక్ష ప్రసారంలో మందు గురించి, టీకా గురించి, ఆపరేషన్ గురించి ప్రశ్న వస్తే జవాబు చెప్పకూడదని ముందే ఒక నియమం పెట్టుకోండి. పక్క జిల్లా ఆసుపత్రి వైద్యుడొకరు ఫోనులో అందుబాటులో ఉండే ఏర్పాటు చేసుకోండి, అది మీకు ఖర్చు కూడా కాదు. స్వస్థత సాక్ష్యం వేసేటప్పుడు ఆ మనిషి ఏ మందులు వాడాడో కూడా అడిగి చెప్పించండి. "మందులు మానేశాను" అనే మాట వస్తే చప్పట్లు ఆపి, మానవద్దని అక్కడికక్కడే చెప్పండి. కొనుక్కున్న సమయానికి తెర మీద పెద్ద అక్షరాలతో ప్రకటన అని రాయండి. తప్పు మాట ఒకటి వెళ్లిపోతే, వెళ్లిన వేళకే, అదే గొంతుతో మరునాడు సరిదిద్దండి. మరో ఛానెల్‌లో వైద్యుడు సరిదిద్దితే ఉపయోగం లేదు, మా వాళ్లు ఆ ఛానెల్ పెట్టరు.

హైదరాబాద్ బోనాలు 1813 నాటి మహమ్మారి నుంచే పుట్టాయని చెప్పుకుంటారు. 2020 ఆషాఢంలో ఊరేగింపులు లేకుండా ఎవరి ఇంట్లో వారే అమ్మవారికి బోనం సమర్పించుకున్నారు. రోగం నుంచి పుట్టిన పండుగ రోగం కోసం ఒక ఏడు ఇంట్లో కూర్చుంది, ఏ అమ్మవారికీ కోపం రాలేదు. తిరుమలలో స్వామిని తాకి సేవించే అర్చకుల్లో కొందరికి ఆ జులైలో జబ్బు సోకింది, వారూ చికిత్స చేయించుకున్నారు. వారి భక్తిని ఎవరు శంకించగలరు?

అత్తయ్య టీవీ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఎడమ అంచున అక్షింతల పసుపు మరక ఒకటి ఉంది, నేను తుడవలేదు. పొద్దున్నే దాని ముందే సుప్రభాతం వింటున్నాను. మీలో ఎవరైనా పిలిస్తే మీ స్టూడియోకు నా సొంత ఖర్చుతో వస్తాను. సుప్రభాతం అయ్యాక పది నిమిషాలు ఇవ్వండి. ఆక్సీమీటర్ వేలికి ఎలా పెట్టుకోవాలో, చక్కెర వ్యాధి ఉన్నవారు ఉపవాసాల్లో ఏం చూసుకోవాలో, దీక్షలో ఉన్నా టీకా ఎందుకు వేయించుకోవచ్చో చెబుతాను. మొదటి రోజు మాత్రం సుషేణుడి కథతో మొదలుపెడతాను. దాన్ని మీ ప్రవచనకర్తగారు చెబితే ఇంకా బాగుంటుంది, నేను పక్కన కూర్చుంటాను.

ఇట్లు,
కృష్ణా డెల్టా నుంచి ఒక విశ్రాంత ఏఎన్‌ఎం